మనీలాలో ఇరుక్కుపోయిన లెక్కల సారు

"నేను మనీలాలో ఉన్నాను. బ్యాగు, పర్సు, ఫోను అన్నీ ఎవరో కొట్టేశారు. బిల్లు కట్టేదాకా పాస్‌పోర్టు ఇవ్వమని హోటల్‌వాళ్లు కూర్చున్నారు, ఫ్లైట్‌కు ఇంక కొన్ని గంటలే టైముంది. ఒక లక్ష సర్దితే ఊరికి రాగానే ఇచ్చేస్తా. ఫోన్ లేదు, మెయిల్‌లోనే మాట్లాడు. ఇంట్లోవాళ్లకు చెప్పొద్దు, టెన్షన్ పడతారు."

పంపినవారి పేరు చూస్తే హైస్కూల్లో మనకు లెక్కలు చెప్పిన సారుది. ఆయన రిటైరై కర్నూలు బి.క్యాంపులో ఉంటారు, పొద్దున వాకింగు, సాయంత్రం గుడి తప్ప గడప దాటరు, మనీలా ఏ దేశంలో ఉందో ఆయనకు మ్యాపులో చూపించాలి. కానీ మెయిల్ చదివిన నిమిషంలో ఇవేవీ గుర్తుకు రావు. సారుకు ఆపద వచ్చిందన్నది ఒక్కటే బుర్రలో తిరుగుతుంది. మనీలా స్థానంలో లండన్ ఉండొచ్చు, సారు స్థానంలో మన ఫ్యామిలీ డాక్టరో పాత ఆఫీసరో ఉండొచ్చు, వాట్సాప్‌లోనైతే కలెక్టర్ ఫొటో పెట్టుకుని "మీటింగ్‌లో ఉన్నా, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు" అని ఉండొచ్చు. సరుకు మాత్రం ఒకటే.

ఇలాంటివి వస్తే డబ్బు పంపకూడదని చాలామందికి ఇప్పుడు తెలుసు, దాని గురించి మళ్లీ చెప్పి మీ టైము తినం. మేం మాట్లాడదలచుకున్నది తెలిసినవాళ్ల గురించి. మోసమని ఇట్టే పసిగట్టి, డిలీట్ కొట్టి ఊరుకోకుండా, "ఉండు నీ సంగతి చెప్తా" అని జవాబులు రాయడం మొదలుపెట్టేవాళ్ల గురించి.

ఆ జవాబులు సరదాగానే ఉంటాయి, కాదనం. "అయ్యో సార్, ఏ హోటల్? మా బావమరిది మనీలాలోనే వంటమాస్టర్, ఇప్పుడే పంపిస్తా" అని వీడు రాస్తాడు. "ఎవరినీ పంపొద్దు, డబ్బు మాత్రం పంపు" అని వాడు. "సరే సార్, తొమ్మిదో తరగతిలో నన్ను బెంచీ ఎందుకు ఎక్కించారో చెప్పండి చాలు" అంటే, "మిత్రమా, ఇది అలాంటి ప్రశ్నలకు సమయం కాదు" అని జవాబు. లెక్కల సారు శిష్యుణ్ణి మిత్రమా అనడం! అరే ఒరే తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి. ఇలాంటి స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో తిరుగుతుంటాయి, మా ఆఫీసులో కూడా చదివి నవ్వుకుంటాం. దొంగ టైము తినేస్తున్నాం కదా, ఆ సేపు వాడు ఇంకొకణ్ణి ముంచకుండా ఆపుతున్నాం కదా అన్నది వీళ్ల వాదన. ఆ వాదనను తీసిపారేయలేం, అందులో నిజం ఉంది. ఎంత ఉందో చూడాలి.

ఈ మోసం కంప్యూటర్‌తో పుట్టింది కాదు. స్పెయిన్‌లో ఓ ధనవంతుడు జైల్లో పడ్డాడు, విడిపించడానికి కాస్త డబ్బు పంపితే అంతకు ఎన్నో రెట్లు ముట్టజెబుతాడు అంటూ 19వ శతాబ్దంలోనే పోస్టులో ఉత్తరాలు తిరిగాయి. తర్వాత నైజీరియా పేరు మీద ఉత్తరాలు, ఫ్యాక్సులు, చివరికి ఈమెయిళ్లు. ఆ దేశపు క్రిమినల్ కోడ్‌లో మోసానికి సెక్షన్ 419 కాబట్టి ప్రపంచమంతా వీటిని 419 మోసాలంటుంది, అంటే మన ఫోర్ ట్వంటీకి ఒక నంబరు తక్కువన్నమాట. (మన 420 కూడా 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318 అయ్యింది. జనం మాత్రం ఇప్పటికీ ఫోర్ ట్వంటీ అనే తిడుతున్నారు, ఇంకో యాభై ఏళ్లు అలాగే తిడతారు.)

అసలు ఇంత పచ్చి అబద్ధం, తప్పుల తడక ఇంగ్లిషు, ఇదంతా ఎవరు నమ్ముతారని రాస్తారు? మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పనిచేసే కార్మాక్ హెర్లీ 2012లో సరిగ్గా ఇదే పట్టుకున్నాడు. నైజీరియా అనగానే జనం నవ్వుతారని తెలిసీ వీళ్లు నైజీరియా అనే ఎందుకు రాస్తారని అడిగి, ఆయన చెప్పిన సమాధానం ఏమంటే, నవ్వేవాళ్లు ముందే పోవాలనే. మెయిల్ పంపడానికి ఖర్చు లేదు, లక్షల మందికి ఒక్క నొక్కుతో పోతుంది. ఖర్చంతా జవాబు వచ్చాక మొదలవుతుంది, అక్కడి నుంచి ఒక మనిషి కూర్చుని రోజుల తరబడి మాటలు చెప్పాలి. సగం దాకా వచ్చి అనుమానంతో వెనక్కి పోయేవాడి వల్ల వాడికి పెద్ద నష్టం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లను చూసే ఉంటారు కదా, చేనంతా తవ్వుతూ కూర్చోరు. వాన మట్టిని కడిగేశాక నేల మీద కళ్లు పెట్టుకుని నడుస్తారు, మెరిసినచోటే వంగుతారు. మోసగాడికి ఆ వెర్రి కథే వాన. అనుమానించేవాళ్లందరినీ కడిగేసి నమ్మేవాణ్ణి పైకి తేలుస్తుంది.

ఈ లెక్కన చూస్తే మన కుర్రాడు రాసిన దొంగ జవాబు వాడికి మెరిసిన గాజుపెంకు. వంగి, ఏరి, తుడిచి చూసుకుంటే ఏమీ లేదు. అలాంటి గాజుపెంకులు చేనంతా చల్లితే వాడి వ్యాపారం దివాలా తీస్తుందన్న మాట తర్కానికి నిలుస్తుంది. న్యూజిలాండ్‌లో నెట్‌సేఫ్ అనే సంస్థ 2017లో అదే పని చేసింది. మీకు వచ్చిన మోసపు మెయిల్‌ను వాళ్లకు ఫార్వర్డ్ చేస్తే, వాళ్ల కంప్యూటర్ ప్రోగ్రామ్ రకరకాల మనుషుల్లా నటిస్తూ మోసగాడితో అలుపు లేకుండా మాట్లాడుతూ పోయేది. బ్రిటన్‌లో ఓటూ అనే ఫోన్ కంపెనీ 2024 నవంబరులో డైసీ అనే ఏఐ అవ్వను దింపింది, ఆ అవ్వ ఫోనెత్తి తన అల్లికలు, తన పిల్లి సంగతులు చెబుతూ దొంగను ఒక్కోసారి నలభై నిమిషాల దాకా కూర్చోబెట్టింది. ఇవి మాకు నచ్చాయి. మన దగ్గరా ఎవరైనా రాయలసీమ యాసలో ఓ అవ్వను తయారుచేస్తే ఇంకా నచ్చుతుంది. "ఏమప్పా, బువ్వ తింటివా" దగ్గర మొదలుపెట్టి ఏ దొంగనైనా సాయంత్రం దాకా కదలనివ్వదు.

కానీ మెషీన్‌కు సొంత మెయిల్ లేదు, సొంత బ్యాంకు ఖాతా లేదు, ఇంటి అడ్రస్ లేదు. నంద్యాల చెక్‌పోస్టు దగ్గర రూముల్లో ఉండి చదువుకునే కుర్రాడికి ఇవన్నీ ఉన్నాయి. వాడు రిప్లై నొక్కిన వెంటనే మోసగాడికి తెలిసేది ఈ అడ్రస్ బతికి ఉందని, ఇక్కడ మెయిల్ చదివి స్పందించే మనిషి ఉన్నాడని. అలాంటి అడ్రస్‌కు విలువెక్కువ, అది చేతులు మారుతుంది. మెయిల్ కింద దానంతటదే పడే సంతకంలో పేరు, కాలేజీ, ఫోన్ నంబరు ఉంటాయి, అది చాలామంది చూసుకోరు. "ఇదిగో నా పాస్‌పోర్టు కాపీ" అని వాడు పంపిన ఫైలును నవ్వుకుందామని తెరిస్తే ఆ ఫైల్లో ఏముందో దేవుడికెరుక.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇంకోటి. ఆట ముదిరి, "నా దగ్గర డబ్బు లేదు, నువ్వే నాకు పంపు" అని ఎకసెక్కంగా యూపీఐ ఐడీ ఇచ్చారనుకోండి, వాడు నిజంగానే పంపొచ్చు. అది వాడి డబ్బు కాదు, ఏ రాష్ట్రంలోనో ఇంకెవరి దగ్గరో కొట్టేసిన డబ్బు. ఆ బాధితుడు ఫిర్యాదు చేయగానే పోలీసులు డబ్బు దారి పట్టుకుని వస్తారు, దారి మీ ఖాతా దాకా వస్తుంది, ఖాతా ఫ్రీజ్ అవుతుంది, ఊరూ పేరూ తెలియని స్టేషన్ నుంచి నోటీసు వస్తుంది. కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చే కుర్రాళ్లకూ, జోక్ చేద్దామని ఇచ్చినవాడికీ తేడా ఏమిటో అప్పుడు మీరే రుజువు చేసుకోవాలి.

ఇంకో సంగతి, దీన్ని నవ్వుకునేవాళ్లు ఎవరూ తలచుకోరు. అవతల టైపు చేస్తున్నది ఎవరు? ఏసీ గదిలో కూర్చున్న డాన్ కాకపోవచ్చు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు లక్ష మందిని బలవంతంగా ఆన్‌లైన్ మోసాల పనిలో పెట్టి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా వేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన తెలుగు కుర్రాళ్లనే కంబోడియా పంపి ఈ మురికిలో దించిన ముఠాను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. కడప, రాయచోటి వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, ఏజెంటు మాట నమ్మి విమానం ఎక్కితే ఏమవుతుందో రాయలసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టు లాక్కుని, టార్గెట్ చేరకపోతే కొట్టే చోట కూర్చుని, అదే మనిషి నిజంగా చిక్కుకుపోయి, చిక్కుకుపోయానని అబద్ధం రాస్తుంటాడు. వాడి టైము వృథా చేస్తే శిక్ష పడేది యజమానికి కాదు, వాడికే. అందరూ అలాంటివాళ్లే అనడం లేదు, డబ్బు కోసం కావాలని చేసే ఘరానా దొంగలు బోలెడుమంది. స్క్రీన్ ఇవతల నుంచి ఎవరు ఏ రకమో మనకు తెలియదు, అందుకే ఈ ఆట మాకు రుచించదు.

అంతేకాదు, ఈ ఆటలో పడి అసలు దెబ్బ ఎవరికి తగిలిందో మరిచిపోతున్నాం. కర్నూలు పెద్దాసుపత్రి గేటు దగ్గర ఏ సాయంత్రమైనా నిలబడి చూడండి. ఆదోని నుంచి, గద్వాల నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు చెట్టుకింద నిలబడి ఫోన్లు చేస్తుంటారు. "అన్నా, ఒక పదివేలుంటే వేయి అన్నా, ఆపరేషన్ రేపే అంటున్నారు." ఇలా అడిగితే ఇలా వేసేవాళ్లు ఒకప్పుడు. ఇప్పుడు అవతలివాడు ఒక క్షణం ఆగుతున్నాడు, నంబరు మారిందేంటి అని, గొంతు వాడిదేనా అని. తప్పు వాడిది కాదు, గొంతును కూడా కాపీ కొట్టే రోజులు. కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం 2024లో దేశంలో సైబర్ మోసాల్లో పోయిన సొమ్ము 22,845 కోట్లు, అంతకుముందు ఏడాది అది 7,465 కోట్లు. ఆసుపత్రి గేటు దగ్గర పుట్టకుండా పోయిన పదివేలు ఆ లెక్కలో ఎక్కడా లేవు.

కాబట్టి జవాబు ఇవ్వాల్సిందే అంటాం, అయితే ఆ మెయిల్‌కు కాదు. మెయిల్ మీద ఎవరి పేరుందో వాళ్లకు. పాత నంబరుకు ఫోన్ చేయండి, మెయిల్‌లో కొత్త నంబరేదైనా ఉంటే దానికి కాదు. ఎత్తకపోతే వాళ్ల అబ్బాయికి చేయండి, పక్కింటాయనకు చేయండి, అదే ఊళ్లో ఉంటే బండి తీసి ఇంటికే వెళ్లండి. నిజంగా ఆపదే అయితే అప్పుడు తెలుస్తుంది, కాకపోతే తన పేరు మీద ఏం జరుగుతోందో పాపం ఆ మనిషికి తెలుస్తుంది, చాలాసార్లు అందరికన్నా చివర తెలిసేది ఆయనకే. మెయిల్ ఆయన సొంత అడ్రస్ నుంచే వచ్చి ఉంటే ఆ ఖాతా దొంగ చేతిలో పడి ఉండొచ్చు, కాబట్టి ఊరికే చెప్పి వచ్చేయకుండా పక్కన కూర్చుని పాస్‌వర్డ్ మార్పించండి. అక్కడితో అయిపోదు. సెట్టింగ్స్‌లోకి పోయి చూస్తే వచ్చే మెయిళ్లన్నీ ఇంకెక్కడికో ఫార్వర్డ్ అయ్యేలా, వార్నింగ్‌లు నేరుగా చెత్తబుట్టలో పడేలా దొంగ ఫిల్టర్లు పెట్టి పోయి ఉంటాడు, కాంటాక్టులు చెరిపేసి ఉంటాడు. రికవరీ ఫోన్ నంబరు ఎవరిదో చూడాలి, ఐదేళ్ల కింద వదిలేసిన సిమ్‌ది ఉంటుంది చాలామందికి. ఆ దొంగ మెయిల్‌కు ఊరికే రిప్లై నొక్కి, పంపకుండా అడ్రస్ మాత్రం చదివితే, ఒక అక్షరం తేడాతో ఇంకో అడ్రస్ కనిపించొచ్చు. సారు తన మెయిల్ వెనక్కి తెచ్చుకున్నాక కూడా శిష్యులతో బేరం ఆ రెండో అడ్రస్ నుంచి సాగుతూనే ఉంటుంది. అందుకే శిష్యుల గ్రూపులో ఆ రోజే ఒక మాట వేయాలి.

ఇప్పటికే పంపేసి ఉంటే? 1930కి ఫోన్ చేయండి, లేదంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అంత దగ్గర్లో ఉంటుంది, ఎందుకంటే అది ఒక ఖాతాలో కూర్చోదు, నిమిషాల్లో ఐదారు ఖాతాల్లోకి చీలిపోతుంది. వేరేవాళ్ల పేరుతో ఇలా మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది, కానీ దొంగ దేశం బయట ఉంటే ఆ సెక్షన్ వాడిదాకా పోవడం కష్టం. చేతనైంది డబ్బును దారిలో ఆపడమే. దీనికి పెద్ద అడ్డంకి సిగ్గు. "చదువుకున్నోడివి, నీకేమైంది" అని ఎక్కడ అంటారోనని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా కూర్చుంటారు, ఆ రెండు రోజుల్లో అంతా అయిపోతుంది. స్క్రీన్‌షాట్లు పెట్టి "ఇంత తెలివితక్కువోళ్లు కూడా ఉంటారా" అని నవ్వే గ్రూపుల్లోనే మోసపోయినవాడు కూడా ఉంటాడు. ఆ నవ్వు చూశాక వాడు ఇంక నోరు విప్పడు.

బ్యాంకులవాళ్లకు ఒక మాట. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఎన్నడూ లేనిది ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచి, ముఖం తెలియని ఖాతాకు పంపాలని చెమటలు పడుతూ కౌంటర్ ముందు నిలబడితే, ఫారం తీసుకుని స్టాంపు వేయడానికి ముందు ఎవరికి, ఎందుకు అని అడగండి. కోప్పడితే కోప్పడనీయండి. ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆయన ముందే ఆ మనిషికి ఒక్క ఫోన్ చేయించండి.