టీకా నిపుణులు ఏమన్నారో మా ఏఎన్ఎంకి కూడా తెలియాలి

"అమెరికాలోనే మానేశారంట, మా గుంటకి మాత్రం పుట్టగానే ఎందుకు పొడిచారు సిస్టరమ్మా?" హెపటైటిస్ బి టీకా గురించి మా సోంపేట వైపు బాలింతలు ఇప్పుడిలా అడుగుతున్నారు. వాట్సాప్ పుణ్యం. వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు, జవాబు చెప్పాల్సిన ఏఎన్ఎం చేతిలో ఒక్క కాగితం కూడా లేదు చూడండి, అదీ నా కోపం.

అక్కడ జరిగిందేంటంటే, 2025 జూన్‌లో ఆరోగ్య మంత్రి కెన్నెడీ జూనియర్ టీకాల సలహా కమిటీలో ఉన్న 17 మందినీ ఒకేసారి తీసేసి తనకు నచ్చినవాళ్లను పెట్టుకున్నాడు. తల్లికి పరీక్షలో హెపటైటిస్ బి లేదని తేలితే బిడ్డకు పుట్టగానే వేసే డోసు అందరికీ అక్కర్లేదని, తల్లిదండ్రులే డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవచ్చని డిసెంబరులో ఆ కొత్త కమిటీ ఓటేసింది. మారింది సైన్స్ కాదు, కుర్చీల్లో మనుషులు. పుట్టుకతో ఈ వైరస్ సోకితే 100 మంది పిల్లల్లో 90 మందికి దాకా అది ఒంట్లోనే ఉండిపోతుంది, పెద్దయ్యాక లివర్ క్యాన్సర్ దాకా పోవచ్చు. మన దగ్గర 24 గంటల్లోపు వేసేది అందుకే. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి ఇస్తే ఏ సిస్టరైనా ధైర్యంగా చెప్పగలదు.

మనకూ అలాంటి కమిటీ ఉంది, ఎన్‌టాగి అంటారు, 2001లో పెట్టారు. నాకు నిపుణుల మీద గౌరవమే. 2016లో రోటావైరస్ చుక్కలు దేశంలో మొదట నాలుగు రాష్ట్రాల్లో ఇచ్చారు, అందులో మన ఆంధ్ర ఒకటి, అది ఇలాంటి సలహాల వల్లే వచ్చింది. కానీ ఆ కమిటీకి అధ్యక్షుడు ఎవరు? కేంద్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి. సలహా తీసుకోవాల్సిన ప్రభుత్వమే సలహా ఇచ్చే కుర్చీలోనూ కూర్చుంటే, రేపు నిపుణులు కాదన్న మాట బయటికెలా వస్తుంది?

2021 మే గుర్తుందా? వ్యాక్సిన్ దొరక్క జనం లైన్లలో నిలబడి టెన్షన్ పడుతున్నప్పుడు కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12-16 వారాలు చేశారు, ఎన్‌టాగి నిపుణులు చెప్పారన్నారు. నెల దాటిందో లేదో ఆ కమిటీ సభ్యుల్లోనే కొందరు, మేం అంత గడువుకు ఒప్పుకోలేదు, 8 నుంచి 12 వారాలు అన్నాం అని పత్రికలకు చెప్పారు. ప్రభుత్వం కాదంది. గడువు పెంచడం సరైనదే అయ్యుండొచ్చు, దాని మీద నాకు గొడవ లేదు. ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఎందుకు కాదన్నారు అనేది ఆ రోజే బయటపెట్టుంటే ఈ రచ్చే ఉండేది కాదు.

మా ఉద్దానం వాళ్లకు నిపుణులంటే ఏంటో ఎవరూ నేర్పక్కర్లేదు. కిడ్నీ జబ్బు మీద ఏళ్ల తరబడి బృందాలు వస్తూనే ఉన్నాయి, రక్తం తీసుకున్నారు, నీళ్లు తీసుకున్నారు, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అంతగా ఎదురుచూసి అలసిపోయిన మనిషికి 'పైవాళ్లు చెప్పారు, వేయించుకో' అంటే సరిపోదు.

కమిటీ కూర్చున్న వారంలోగా ఏం తేల్చారో, ఏ ఆధారంతో తేల్చారో, ఎవరు విభేదించారో, సభ్యుల్లో ఎవరికి ఏ కంపెనీతో సంబంధం ఉందో తెలుగులో ఒక పేజీ రాసి ప్రతి పీహెచ్‌సీకి పంపాలి. బుధవారం టీకాలు వేసే ముందే ఆ కాగితం ఏఎన్ఎం చేతిలో ఉండాలి.