మన పిల్లలు

పోయిన ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం చేసిన ఫంక్షన్ ఫోటో సంఘం పత్రిక వెనక అట్ట మీద మీరందరూ చూసే ఉంటారు. యూత్ వాలంటీర్లు, పట్టు లంగాలు, కుర్తాలు. ఫోటో బాగా వచ్చింది. తీసింది మా ఇంట్లో ఉన్న అమ్మాయి. పొద్దున పదింటి నుంచి రాత్రి హాలు ఖాళీ చేసేదాకా వాళ్లతో సమానంగా పని చేసిన పదిహేడేళ్ల పిల్ల ఆ ఫోటోలో ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ అమ్మాయిది కజకస్తాన్. ఫ్లెక్స్ ప్రోగ్రాం కింద ఇక్కడ ఒక ఏడాది హైస్కూల్లో చదవడానికి వచ్చింది. సోవియట్ యూనియన్ విడిపోయాక 1992లో అమెరికా ప్రభుత్వం పెట్టిన ప్రోగ్రాం అది. పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు, ఖర్చంతా ప్రభుత్వానిదే. ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఏమీ ఇవ్వరు. (ట్యాక్సులో నెలకి 50 డాలర్ల దాకా డిడక్షన్ ఉంది, అదీ ఐటమైజ్ చేస్తేనే, అంటే ఖర్చులు విడివిడిగా చూపిస్తేనే. మా ఆయన లెక్కేసి నవ్వి ఊరుకున్నారు.) పిల్లకి సొంత మంచం ఉండాలి. ముందే వచ్చి ఇల్లు చూసి వెళ్తారు. ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషికీ పోలీసు రికార్డు తనిఖీ ఉంటుంది. నెల్లూరు నుంచి వచ్చి ఆర్నెల్లు మా దగ్గర ఉండబోతున్న మా అత్తగారికి కూడా. "నేనేం దొంగతనం చేశాను తల్లీ?" అని ఆవిడ రెండు రోజులు భోజనం దగ్గర అడుగుతూనే ఉన్నారు.

స్కూలు మొదటి రోజు టీచరు లోపలికి రాగానే ఈ పిల్ల ఒక్కతే లేచి నిలబడిందట. మనం చదువుకున్నప్పుడు మనమూ అంతే కదా. వాళ్ల ఊళ్లో ఒకటో తరగతిలో కలిసిన పిల్లలే పదకొండో తరగతి దాకా ఒకే క్లాసుగా సాగుతారు. ఇక్కడ గంట కొట్టిన ప్రతిసారీ గది మారుతుంది, మొహాలు మారతాయి. లాకరు తాళం కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి తిప్పేలోపు తర్వాతి గంట. "హౌ ఆర్ యూ" అన్న పిల్లకి జవాబు చెబుదామని ఆగితే ఆ పిల్ల అప్పటికే మలుపు తిరిగిపోయిందట. లంచ్ టైంలో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక మొదటి వారమంతా లైబ్రరీలో పుస్తకం పట్టుకుని కూర్చుంది.

ఆ కెఫెటేరియాలో మన తెలుగు పిల్లల బల్ల ఒకటుంది. మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. మా అమ్మాయి అక్కడే కూర్చుంటుంది. "ఇంట్లో ఎలాగూ ఉంటోంది కదమ్మా, స్కూల్లో కూడా నేనే చూసుకోవాలా?" అంది. కోపం వచ్చింది. కానీ ఆ బల్ల దగ్గర చోటు సంపాదించుకోవడానికి దానికే రెండేళ్లు పట్టింది, అది నాకు తెలుసు.

సరే, పిల్లల సంగతి పక్కన పెడితే నేను చేసిందేమిటి? సాయంత్రం స్కూలు బస్సు దిగి వచ్చేసరికి అల్లం టీ రెడీగా పెట్టేదాన్ని. కప్పు నిండా. ఇంకో గుక్క పోస్తే సాసర్లోకి పొర్లేంత. ఆ పిల్ల రెండు నిమిషాల్లో గబగబా తాగేసి, థాంక్యూ చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని పైకి వెళ్లి తలుపేసుకునేది. టీ నచ్చలేదేమోనని చక్కెర తగ్గించాను, పాలు పెంచాను. మూడు వారాలు ఇదే వరస. ప్రోగ్రాం తరఫున పిల్లల్ని చూసుకునే కోఆర్డినేటరు నెలకోసారి పిల్లతో మాట్లాడాలి, అది రూలు. ఆవిడతో చెప్పుకుందట: "చాలా మంచివాళ్లు, కానీ నేను వాళ్ల దగ్గర కూర్చోవడం వాళ్లకి ఇష్టం లేదు." వాళ్ల దేశంలో పాలు కలిపిన టీని పియాలా అనే చిన్న గిన్నెలో సగమే పోస్తారు. అయిపోగానే మళ్లీ పోస్తారు, మళ్లీ మళ్లీ. అదే మర్యాద, ఇంకాసేపు కూర్చోమని. నిండా పోస్తే ఇక బయల్దేరవచ్చని అర్థం. అంటే నేను రోజూ సాయంత్రం నాలుగింటికి ఆ పిల్లని ఇంట్లోంచి పొమ్మంటున్నానన్నమాట. సగం కప్పు పోస్తే పిసినారి కోడలంటారని భయపడే చేతికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ తర్వాత సాయంత్రాలు బాగా గడిచాయి. నన్ను "అపా" అనడం మొదలుపెట్టింది, వాళ్ల దగ్గర పెద్దావిడల్ని అలా పిలుస్తారట. మేం గుర్రం మాంసం తింటామని ఒకరోజు నిజాయితీగా చెప్పేసింది. శాకాహారి అయిన మా అత్తగారు కాసేపు ఆలోచించి "మేకని తినేవాళ్లున్నప్పుడు గుర్రానిదేముందిలే" అన్నారు. ఆవిడే రాత్రిపూట తెలుగు నేర్పేవారు. "మా ఇల్లు అంటే నువ్వు లేకుండా. మన ఇల్లు అంటే నువ్వు కూడా." ఈ తేడా వాళ్ల భాషలో లేదట. నోట్‌బుక్కులో రాసుకుంది.

ఇక ఉగాది. మార్చి 21న వాళ్లకి నౌరీజ్, వాళ్ల కొత్త సంవత్సరం. మనం ఆరు రుచుల పచ్చడి చేసినట్టే వాళ్లు పాలు, ధాన్యం, మాంసం, ఉప్పు లాంటి ఏడు వస్తువులతో నౌరీజ్ కోజె అని కాస్తారు. సోవియట్ ప్రభుత్వం 1926లో ఆ పండగని ఆపేస్తే మళ్లీ 1988లోగాని రాలేదు. "మా అమ్మమ్మ చిన్నప్పుడు ఈ పండగే లేదు" అనే వాక్యంతో మొదలుపెట్టి రెండు నిమిషాలు స్టేజి మీద మాట్లాడతానని కార్డు మీద రాసుకుంది. నెల ముందే కమిటీని అడిగాను, సరేనన్నారు.

మనం హాలు తీసుకున్నది ఆ పిల్ల చదివే స్కూల్లోనే. కాబట్టి ఏ తలుపు లోపల్నుంచి లాక్ అవుతుందో, స్టేజి వెనక లైట్ల స్విచ్ ఎక్కడుందో మనందరికంటే తనకే తెలుసు. పచ్చడి గిన్నె ఒలికితే పరిగెత్తుకెళ్లి తుడుపు కర్ర తెచ్చిందీ తనే. ప్రోగ్రాం ఎప్పటిలాగే ఆలస్యమైంది. స్పాన్సర్ల ప్రసంగాలు ముప్పావు గంట నడిచాయి. ఇళ్లు అమ్మేవారు, అప్పు ఇప్పించేవారు, ఇన్సూరెన్స్ వారు. ఆ రెండు నిమిషాలకి మాత్రం టైం లేకపోయింది. పోనీలే అనుకున్నాం. చివర్లో యూత్ ఫోటోకి అందరూ నిలబడ్డారు, తనూ నిలబడింది. కమిటీలో ఒకాయన నా వైపు తిరిగి, "పత్రికకండీ, మన పిల్లల వరకే" అని, తన ఫోన్ ఆ పిల్ల చేతికే ఇచ్చారు. "కెన్ యూ టేక్ ఇట్, స్వీటీ?" తీసింది. మూడు తీసింది, ఎవరో కళ్లు మూశారని.

కారులో అడిగింది. "అపా, మన అంటే నేను కూడా అనే కదా బామ్మ చెప్పింది?"

కమిటీ వాళ్ల కష్టం నాకు తెలియనిది కాదు. నేనూ రెండేళ్లు చేశాను. పదింటికి హాలు వదలకపోతే ఎక్స్‌ట్రా కట్టాలి, స్పాన్సర్లు లేకపోతే టికెట్ ఆ ధరకి రాదు. సభ్యుల పిల్లల ఫోటో సభ్యుల పత్రికలో వెయ్యడం తప్పనీ అనను. ఆయన చెడ్డవారూ కారు, భోజనాల దగ్గర ఆ పిల్లకి బొబ్బట్టు కొసరి కొసరి వడ్డించింది ఆయనే. మన దగ్గర వడ్డనకి లోటుండదు. పక్కన చోటివ్వడం దగ్గరే చెయ్యి వెనక్కి పోతుంది. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆఫీసుల్లో, స్కూళ్లలో మనల్ని కలుపుకోలేదని పాతికేళ్లుగా ఇదే పత్రికలో రాసుకుంటున్నాం, నేనూ రాశాను.

అందుకే అడుగుతున్నాను. ఆగస్టులో వచ్చే పిల్లలకి ఆ నెల 31లోగా ఇల్లు దొరకాలి. కోఆర్డినేటర్లు వసంతం నుంచీ చర్చిల్లో, స్కూళ్లలో అడుగుతూ తిరుగుతారు. మన ఫంక్షన్లకి ఎవరూ రారు, మనల్ని అడగాలని వాళ్లకి తోచదు. వచ్చే ఉగాదికి ఒక బల్ల వాళ్లకివ్వండి, రియల్టర్ బల్ల పక్కనే అయినా సరే. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక మనలో ఎన్ని ఇళ్లలో బెడ్‌రూములు ఖాళీగా, ట్రెడ్‌మిల్ మీద బట్టలారేసుకుని పడున్నాయో నాకు తెలుసు. మన దేశం నుంచి కూడా యస్ అనే ప్రోగ్రాంలో ఇలాగే పిల్లలు వస్తారు, వాళ్లనీ ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఎవరో ఇంట్లో పెట్టుకుంటున్నారు. ఒక్క ఏడాది. ఒక మంచం. వీలుకాకపోతే కనీసం ఆ కెఫెటేరియా బల్ల గురించి ఈ రాత్రి మీ పిల్లలతో మాట్లాడండి. మా అమ్మాయి జనవరిలో ఒక కుర్చీ లాగి పెట్టింది. నేను చెబితే కాదు, ఎందుకో నాకూ చెప్పలేదు.

జూన్‌లో ఆ పిల్ల వెళ్లిపోయింది. మళ్లీ ఎవరినైనా తీసుకుంటారా అని కోఆర్డినేటర్ మెసేజ్ పెట్టింది. మా అత్తగారు సెప్టెంబరులో వస్తున్నారు. ఈసారి కూడా ఆ పోలీసు కాగితాలు నింపాలా, లేక పోయినసారివి సరిపోతాయా అని ఫోన్లో అడిగారు.