పెరటి చెట్టు పీహెచ్‌డీకి పనికిరాదు

ఈమధ్య నాట్యరంగంలో ఒక ప్రమాదకరమైన ధోరణి కనిపిస్తోంది. గజ్జె కట్టి ప్రదర్శనలిచ్చేవాళ్ళు, సాయంత్రమైతే పిల్లలకు అడుగులు నేర్పేవాళ్ళు పరిశోధనకు దిగి, తమ క్లాసులో రోజూ చూసే విషయాన్నే అంశంగా తీసుకుంటామంటున్నారు. తెలిసినదాని మీద పరిశోధనట! దీన్ని మొగ్గలోనే తుంచకపోతే రేపు ఎవరో ఒకరు పనికొచ్చే సిద్ధాంతగ్రంథం రాసినా రాస్తారు. దాన్ని ఇంకెవరో చదివినా చదువుతారు. అప్పుడు బాధ్యత ఎవరిది?

అందుకే, అంశం కోసం తల పట్టుకుని కూర్చున్న నాట్యాచార్యుల క్షేమం కోరి నాలుగు మాటలు చెప్పక తప్పడం లేదు.

అంశమన్నాక పెద్దదిగా ఉండాలి. నాట్యశాస్త్రంలో 36 అధ్యాయాలున్నాయి. ఒక్క నాలుగో అధ్యాయంలోనే 108 కరణాలున్నాయి, అంటే చేతులూ కాళ్ళూ కలిసి చేసే కదలికలు. వాటిలో ఒక్కటి తీసుకుని, శ్లోకం ఏం చెబుతోంది, గుడి గోడ మీద శిల్పం ఏం చూపిస్తోంది, బతికున్న మనిషి ఒళ్ళు ఎంతవరకు ఒప్పుకుంటుంది అని తేల్చాలంటేనే ఏళ్ళు పడుతుంది. కాబట్టి ఆ పని చెయ్యకూడదు. 108 కరణాల్నీ కలిపి తీసుకోవాలి. వాటికి రసాన్ని జోడించాలి. వీలైతే యోగాన్ని, ఇంకా ఓపికుంటే విశ్వాన్ని కూడా. "భారతీయ నాట్యంలో రసం – ఒక పరిశీలన" అంటే చూడ్డానికి ఎంత నిండుగా ఉందో చూడండి. ఆ "ఒక పరిశీలన" అనే తోక చాలా ముఖ్యం. ఏం తేల్చారని ఎవరూ అడగరు, ఎందుకంటే తేలుస్తామని మనం ఎక్కడా అనలేదు, పరిశీలిస్తామన్నాం అంతే. ముందు "సమగ్ర" అని చేర్చామా, ఇక పుస్తకం తెరిచే సాహసం కూడా ఎవరూ చెయ్యరు.

పెద్ద అంశంలో ఇంకో సుఖం ఉంది. తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు. "రసానుభూతి సహృదయుడి అంతరంగంలో వికసిస్తుంది" అని రాస్తే కాదనేవాడెవడు? అదే "ఈ అడుగు దగ్గర సగం మంది పిల్లలు ఎడమ కాలు వేస్తున్నారు" అని రాశామనుకోండి, ఎవడో ఒకడు క్లాసుకొచ్చి చూసి "లేదండీ, కుడికాలే వేస్తున్నారు" అనగలడు. పరిశోధకుడికి ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది? నేల విడిచి సాము చెయ్యొద్దని పెద్దలు చెప్పింది సాము చేసేవాళ్ళకు. సిద్ధాంతగ్రంథానికి నేల తగిలితేనే దెబ్బ.

ఇక్కడ జాయప సేనానిని ఎత్తుకొచ్చి వాదనకు దిగేవాళ్ళుంటారు. 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుడి గజసైన్యానికి అధిపతిగా ఉంటూ నృత్తరత్నావళి రాసిన మనిషి ఆయన. క్లాసులతో తీరిక దొరకడం లేదని వాపోయే మనకు ఆయనొక ఇబ్బంది. మన చేతిలో ఉన్నది ముప్పై మంది పిల్లలు, ఆయన చేతిలో ఉన్నవి ఏనుగులు. సరే, ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగూ శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతికి కేటాయించాడు, బాగుంది. మిగతా నాలుగూ దేశికిచ్చాడు. అంటే పేరణి, చిందు, కోలాటం లాంటి, తన కాలంలో జనం ఆడుతున్న ఆటలకు! పక్కన ఒక గైడ్ ఉండి ఉంటే "ఇవన్నీ మీరు కళ్ళతో చూసినవి కదా, ఆధార గ్రంథం ఏదీ?" అని ఆ సగం కొట్టేయించేవారు. గైడ్ లేకపోవడం వల్ల మనకు ఆ నాట్యాల వర్ణనలు మిగిలిపోయాయి. ఇలాంటి ప్రమాదాలు చరిత్రలో అప్పుడప్పుడు జరుగుతుంటాయి.

పెద్దది కుదరకపోతే కనీసం కొత్తదైనా కావాలి. ప్రస్తుతం ఆరోగ్యం బాగా నడుస్తోంది. 2003లో ఒక అధ్యయనం అచ్చయింది. 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళపాటు గమనిస్తే, ఒంటితో చేసే వ్యాపకాల్లో ఒక్క నృత్యానికే డిమెన్షియా ముప్పు తగ్గడంతో సంబంధం కనిపించింది. ఆ ముప్పును నృత్యమే తగ్గించిందా, లేక ఆ వయసులో మెదడూ మోకాళ్ళూ బాగున్నవాళ్ళే నృత్యానికి వెళ్ళారా అన్నది అలా పక్కనుంచి గమనించే అధ్యయనం తేల్చలేదు. ఆ అనుమానం మనకెందుకు? "నాట్యం మతిమరుపును నయం చేస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అని రాసేసి ముందుకు సాగడమే.

మెదడు ఇంకా మంచి సరుకు. 2005లో అచ్చయిన ఒక ప్రయోగంలో బ్యాలే నర్తకులకూ, కాపొయెరా అనే బ్రెజిల్ యుద్ధవిద్య ఆడేవాళ్ళకూ రెండు రకాల కదలికల వీడియోలూ చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఎవరికి ఏ విద్య వచ్చో దాన్ని చూస్తున్నప్పుడే, కదలికతో సంబంధమున్న భాగాలు వాళ్ళ మెదడులో ఎక్కువగా పనిచేశాయి. ఒంటికి పట్టిన విద్యను మెదడు వేరేగా చూస్తుందన్నమాట. పాఠం చెప్పేవాళ్ళకు ఇందులో ఆలోచించుకోవలసింది ఎంతో ఉంది. దాని జోలికి పోకుండా శీర్షికలో "న్యూరో" చేర్చుకుంటే చాలు. స్కానింగ్ యంత్రం మనకెవరిస్తారంటారా? అక్కర్లేదు. "నాట్యం వల్ల మీ ఒత్తిడి తగ్గిందా? తగ్గింది / చాలా తగ్గింది" అని ఒక ప్రశ్నావళి అచ్చేసి మన శిష్యులకే పంచాలి. వార్షికోత్సవానికి వారం ముందు పంచితే ఇంకా మంచిది. ఒక్కరైనా తగ్గలేదని రాస్తే నన్నడగండి.

అసలు బెడద పెరట్లో ఉంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. రోజూ కనిపించేది అంశంగా పనికిరాదు. ఎంత గట్టిగా పనికిరాదో తెలియాలంటే ఒక ఉదాహరణ చూద్దాం. దీన్ని చదివి ఎవరూ ప్రలోభపడకూడదని ముందే మనవి.

అడుగుల్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, చేయిస్తాం కదా. మొదటి కాలంలో పిల్ల అరమండిలో ముచ్చటగా కూర్చుంటుంది. మోకాళ్ళు పక్కలకు తెరుచుకుని, వెన్ను నిటారుగా, అచ్చం పుస్తకంలో బొమ్మలా. రెండో కాలంలో కాస్త లేస్తుంది. మూడో కాలం వచ్చేసరికి పిల్ల నిలబడే ఉంటుంది, కాళ్ళు మాత్రం నేలను బాదుతుంటాయి. టీచర్ కర్రతో తాళం వేస్తూనే "కూర్చో!" అంటుంది. పిల్ల ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు తిరిగేదాకా, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. "కూర్చో, కూర్చో!" ఈసారి సగం ఆవర్తం. పక్క వాటాలో ఉండేవాళ్ళు అక్కడ నడిచేది నాట్యం క్లాసా, కుర్చీలాటా అని అనుమానపడితే వాళ్ళ తప్పేం లేదు.

ఇంతకీ ఆ పిల్ల ఎందుకు లేస్తోంది? తొడల్లో సత్తువ చాలకా? అంత వేగంలో కిందికి కూర్చుని మడమ ఎత్తడానికి వ్యవధి దొరకకా? ఊపిరి బిగబట్టా? లేక తాళం తప్పకూడదన్న ధ్యాసలో మోకాళ్ళ సంగతే మరిచిపోయా? కారణాన్ని బట్టి మందు మారుతుంది. సత్తువే లోపమైతే వ్యాయామం కావాలి. ధ్యాసే లోపమైతే వేగం సంగతి చూడాలి. ఒక కాలం నుంచి ఇంకో కాలానికి వేగం ఒక్కసారిగా రెట్టింపవుతుంది, మధ్యలో మెట్టు లేదు. మధ్యలో రెండు మెట్లు పెట్టి చూస్తే? ఇది ఎవరూ అడగనంత చిన్న ప్రశ్న. క్లాసులో ఉన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టదు కూడా. అనుమానించడానికి ఈ రెండు కారణాలూ చాలు.

ఇంకా ఘోరం ఏమిటంటే, దీని చుట్టుపక్కల చదవడానికి సరుకు కూడా ఉంది. 1998లో, కదలికల్ని మనిషి ఎలా నేర్చుకుంటాడో పరిశోధించే గాబ్రియేల వుల్ఫ్, ఆమె సహచరులు కదిలే స్కీ యంత్రం మీద కొందరికి శిక్షణ ఇచ్చారు. కొందరిని పాదాల మీద ధ్యాస పెట్టమన్నారు, కొందరిని పాదాల కిందుగా ఉన్న చక్రాల మీద. పాదాలకూ చక్రాలకూ మధ్య ఉన్న ఎడం చాలా కొంచెం. అయినా చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్ళే బాగా నేర్చుకున్నారు. ఆ తర్వాత ఎన్నో ఆటల్లో ఇదే ప్రశ్న వేసి చూశారు. దీన్ని పట్టుకుని రేపు ఒక నాట్యం టీచర్ గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, ఫోన్ ఒకటి ఎదురుగా నిలబెట్టి, సగం మంది పిల్లలకు "మోకాళ్ళు వంచు" అనీ, మిగతా సగానికి "తల ఆ గీత దాటకూడదు" అనీ చెప్పి, ఎవరు ఎంతసేపు కిందే ఉన్నారో కొలిచిందనుకోండి. ఆ మధ్య మెట్ల సంగతి కూడా వేరే బ్యాచ్‌తో పరీక్షించిందనుకోండి. కొన్ని నెలల్లో జవాబు వచ్చేస్తుంది!

వచ్చే జవాబు ఏదో ముందే తెలియకపోవడం ఒక ప్రమాదం. రసం మీద రాసేవాళ్ళకు ఈ భయం లేదు, ముగింపు ముందే రాసుకోవచ్చు. ఇక్కడ అలా కాదు. "కూర్చో" అని అరవడం వల్ల ఒరిగేదేమీ లేదని తేలొచ్చు. మన గురువుగారు మనల్ని అన్న మాట, మనం మన శిష్యుల్ని అంటున్న మాట, రేపు వాళ్ళు తమ శిష్యుల్ని అనబోయే మాట గాలికి పోయిందని లెక్కలతో సహా మనమే రాయాల్సి రావచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆడేవాళ్ళ మీద ఉంది. నేర్పలేక పిల్ల మొద్దు అన్నవాళ్ళ మీద ఇంకా సామెత పుట్టలేదు. దాని పురుడు మన చేతుల మీదుగా జరగాలా?

ఇంత చెప్పినా వినకపోతే ఆధారాల దగ్గర ఆపొచ్చు. ఏళ్ళ తరబడి గురువుగారి ముందు నిలబడి, దెబ్బలు తిని, నేర్చుకున్న విషయం సిద్ధాంతగ్రంథంలో చెల్లదు. "మా గురువుగారు చెప్పారు" అంటే గైడ్ నవ్వుతారు. అదే ఊరూ పేరూ తెలియని మనిషి ఒకరు రికార్డర్ పట్టుకెళ్ళి, అదే గురువుగారిని అరగంట కూర్చోబెట్టి అదే మాట చెప్పించుకుంటే అది మౌఖిక ఆధారం అవుతుంది. కనుక శిష్యులంతా ఒకరి గురువుల దగ్గరికి ఒకరు వెళ్ళి ఇంటర్వ్యూలు చేసుకోవడం శ్రేయస్కరం.

మీరు లోపలి మనిషి, మీకు నిష్పక్షపాతం ఉండదంటారు. నిజమే, ఉండదు. బయటి మనిషికి అరమండి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు కాబట్టి ఏ పక్షమూ ఉండదు. 1970లో జోన్ కెయాలీనొహొమొకు అనే మానవశాస్త్రవేత్త, బ్యాలేని కూడా ఒక జాతి నృత్యంగానే చూడాలని రాశారు. పరాయివాళ్ళది ఆచారం, మనది మాత్రం విశ్వకళ అనుకునేవాళ్ళకు అది మింగుడుపడలేదు. సొంత ఇంటిని చుట్టం కళ్ళతో చూడటం అసాధ్యమేమీ కాదని ఆమె చూపించారు. ఇలాంటివాటిని గ్రంథసూచిలో పెట్టాలి గానీ చదవకూడదు.

అయితే ఒక విషయంలో నేను వ్యంగ్యం పక్కన పెట్టాలి. 1993లో క్రిస్టఫర్ ఫ్రేలింగ్ అనే బ్రిటన్ కళావిద్యావేత్త కళ గురించి పరిశోధన, కళ ద్వారా పరిశోధన, కళ కోసం పరిశోధన అని మూడుగా విడదీశాక, ఆ రెండోదాన్ని పట్టుకుని "నా ప్రదర్శనే నా పరిశోధన" అనేవాళ్ళు బయల్దేరారు. ఏ ప్రశ్నతో మొదలుపెట్టారని అడిగితే కళ్ళు మూసుకుంటారు. ప్రశ్న లేనప్పుడు అది మంచి ప్రదర్శనే కావచ్చు, చప్పట్లు కొడదాం, డాక్టరేట్ ఎందుకు? క్లాసులో తగిలిన ప్రశ్నతో వచ్చిన టీచర్‌ను వెనక్కి పంపేవాళ్ళే ఈ కళ్ళు మూసుకున్నవాళ్ళకు దారివ్వడం చూస్తే నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది. సరే, మళ్ళీ గంభీరంగా మాట్లాడుకుందాం.

ఆఖరి అడ్డంకి అనుమతి పత్రాలు. సొంత శిష్యుల మీద అధ్యయనం చేస్తే నైతిక కమిటీ ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. టీచర్ అడిగితే పిల్ల కాదనలేదు, ఆ "సరే" నిజమైన "సరే" అవునో కాదో చెప్పలేం. అందుకని వీడియో ఎవరు చూస్తారో, ఎన్నాళ్ళు దాస్తారో, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఎలా తప్పుకోవచ్చో, తప్పుకుంటే క్లాసులో ఏ నష్టమూ ఉండదని పూచీ ఏమిటో, అన్నీ తేలిక మాటల్లో రెండు పేజీలు రాసి, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చదివి వినిపించాలి. పిల్లల్ని విడిగా అడగాలి, వీలైతే ఇంకెవరి చేతనైనా అడిగించాలి. టీచర్ గొంతు సవరించుకుని రెండు పేజీలూ చదివి, సందేహాలుంటే అడగమంటుంది. వెనక వరసలోంచి ఒక తల్లి చెయ్యెత్తుతుంది.

"మేడమ్, ఇందులో చేరిన పిల్లల్ని వార్షికోత్సవంలో ముందు వరసలో నిలబెడతారా?"

నిలబెట్టరని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలంటుంది కమిటీ. ఇచ్చిన మర్నాడు సగం సంతకాలు వెనక్కి వస్తాయి. మిగిలిన సగంతో "భారతీయ నాట్యంలో రసం – ఒక సమగ్ర పరిశీలన" హాయిగా రాసుకోవచ్చు, దానికి సంతకాలు కూడా అక్కర్లేదు.