కుడిచేతి గిటారు గారికి ఒక పుర్రచెయ్యి విన్నపం

మహారాజశ్రీ కుడిచేతి గిటారు గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, నా ఎడమ భుజం తప్ప. తమరు ఏసీ చల్లదనంలో షాపు గోడకు హాయిగా వేలాడుతుండగా నిన్ననే కళ్లారా చూశాను కాబట్టి తమ క్షేమం అడగను.

"లెఫ్ట్ హ్యాండ్ పీస్ వచ్చేసింది మేడం, మీ కోసమే పక్కన పెట్టాను" అని ఫోనొచ్చింది. అడ్వాన్సు ఎప్పుడో కట్టి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, దిగి, ఆటో అతనితో బేరమాడి, చెమటలు కక్కుకుంటూ వెళ్లాను. షాపతను లోపలికెళ్లి ఎంతకీ రాడు. తీరా వచ్చాక చూద్దును కదా, అతని చేతిలో ఉన్నది తమరే! ఎప్పుడూ ఆ గోడకుండే తమరే. తీగలు మాత్రం అటువి ఇటూ, ఇటువి అటూ మార్చారు.

"ఇప్పుడు లెఫ్టే కదా మేడం, ఏముంది ఇందులో?"

ఏముందో తమకు తెలుసు, అతనికే తెలియదు. తమ మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ, దాన్నే నట్ అంటారు, దాని మీద గాళ్లు ఏ తీగ లావుకు తగ్గట్టు ఆ తీగకు కోసి ఉంటాయి. లావు తీగ గాడిలో పడ్డ సన్న తీగ, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా వదులుగా ఉండి, మీటినప్పుడల్లా జర్రుమంటోంది. సన్న గాడిలో దిగలేక లావు తీగ పైకి తేలి కూర్చుంది. అవతలి కొసన తీగలు కట్టే బ్రిడ్జ్ మీద ఆ తెల్ల పట్టీ ఏటవాలుగా ఎందుకుంటుంది? లావు తీగకు కాస్త ఎక్కువ నిడివి కావాలని. తీగలు మారాయి, ఏటవాలు మారలేదు. పన్నెండో ఫ్రెట్ (వీణకు మెట్టు లాంటిది) దగ్గర నొక్కితే ఏ తీగ శ్రుతి దానిదే. గోళ్ల గీతలు పడకుండా అంటించిన నల్ల పిక్‌గార్డ్ నా గడ్డం వైపు వచ్చింది. పై ఫ్రెట్లకు చెయ్యి అందాలని కింద కోసిన వంపు ఇప్పుడు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తోంది.

ఇదంతా చెప్తే అతను ఓపిగ్గా విన్నాడు. విని, "అలవాటైపోతుంది మేడం. అసలు మీరే రైట్‌కి మారిపోవచ్చుగా?" అన్నాడు.

ఈ ఉత్తరం ఆ ముక్క దగ్గర మొదలైంది.

చూడండి, నేను పేచీకోరుదాన్ని కాను. కత్తెరతో రాజీపడ్డాను. కాలేజీలో కుడివైపే రాతపలక ఉండే కుర్చీలో నడుం మెలితిప్పి డిగ్రీ పూర్తి చేశాను. అక్షరాభ్యాసం నాడు పంతులుగారు బియ్యంలోంచి నా ఎడమచేతిని తీసి అవతల పెట్టిన సంగతి మా అమ్మమ్మ చనిపోయేదాకా నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వాను. గుళ్లో ప్రసాదానికి పొరపాటున ఎడమచెయ్యి చాపినప్పుడల్లా వెనకాల ఎవరో ఒకరు "హవ్వ" అంటారు, అననివ్వండి. మన కచేరీల్లోనే చూడండి, ఎడమచేతి వాటం మృదంగ విద్వాంసుడు వస్తే ఆయన్ని వేదికకు రెండో వైపు కూర్చోబెడతారు. చర్మానికీ చెక్కకూ ఉన్న ఆ మాత్రం మర్యాద తమకు లేకపోయింది.

తమరు ఒకావిడకు బాకీ ఉన్నారు. ఆవిడ పేరు ఎలిజబెత్ కాటన్. కాటన్ అనగానే మనవాళ్లకు ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. ఈవిడ దొరసాని కాదు, తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసి బతికిన నల్లజాతి మనిషి. అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం, చాపెల్ హిల్ పక్కన కార్‌బరో ఊరు, పుట్టింది 1893లో. ఇంట్లో ముద్దుపేర్లతోనే పిలిచేవాళ్లు. బళ్లో టీచరు పేరడిగితే అప్పటికప్పుడు ఎలిజబెత్ అని తనే చెప్పేసుకుంది.

అన్న పనికి పోగానే అతని బాంజో, గిటారు తీసి దొంగచాటుగా వాయించేది. ఎడమచేతి వాటం. అన్న వాయిద్యం కనక తీగలు మార్చే వీల్లేదు. తిప్పి పట్టుకుంది, అంతే. తర్వాత అన్న ఊరొదిలి వాటిని పట్టుకుపోతే, ఆ పిల్ల ఇళ్లల్లో పనికి కుదిరింది. నెల జీతం 75 సెంట్లు. దాచి దాచి 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి సొంత గిటారు కొనుక్కుంది. అదీ తమ వంశమే, కుడిచేతిదే. దాన్నీ తిప్పే పట్టుకుంది. పదకొండు పన్నెండేళ్ల వయసులో, ఇంటికి దగ్గర్లో పోయే గూడ్సుబండి మీద ఒక పాట కట్టింది: "ఫ్రైట్ ట్రైన్".

ఆ పాట నేను మొదట విన్నది యూనివర్సిటీ హాస్టల్లో, ఎవరి హార్డ్ డిస్కులోంచో ఎవరికో చేరిన ఎంపీత్రీగా. సన్నటి ముసలి గొంతు, కాస్త శ్రుతి అటూ ఇటూ. దాని కింద తడబాటే లేని గిటారు. నా రూమ్మేట్ ఇద్దరు వాయిస్తున్నారని మొండిగా వాదించి, కాదని తేలితే మెస్సులో తన గులాబ్‌జామ్ ఇస్తానంది. ఇవ్వలేదు, అది వేరే సంగతి. తర్వాతెప్పుడో వీడియో దొరికింది. అమెరికన్ జానపద గాయకుడు పీట్ సీగర్ 1960ల్లో నడిపిన టీవీ కార్యక్రమం, బ్లాక్ అండ్ వైట్. బుద్ధిగా కూర్చున్న పెద్దావిడ. ఒళ్లో తమరే, తలకిందులుగా. నేను లేచి నిలబడ్డాను. మా అమ్మమ్మ వయసు మనిషి, నా చేత్తో వాయిస్తోంది!

ఆ చేతిని దగ్గర్నుంచి చూడండి. తమ శాస్త్రం ప్రకారం లావు తీగలు పైన, సన్నవి కింద. బొటనవేలు పైన బేస్ (మంద్రస్వరాలు) నడపాలి, మిగతా వేళ్లు కింద పాట పలికించాలి. లిబ్బా, అదే మన ఎలిజబెత్, ఒళ్లో అంతా తిరగబడింది. లావు తీగలు నేల వైపు పోయాయి. వాటిని చూపుడువేలు కిందనుంచి పైకి లాగుతుంది. బొటనవేలు పైనున్న సన్న తీగల మీద పాట అందుకుంటుంది. బొటనవేలి కండ తగిలితే సన్న తీగకు కీచుదనం పోయి గుండ్రటి గొంతు వస్తుంది. పైకి లాగిన బేస్‌కు దెబ్బ ఉండదు, నడక ఉంటుంది. ఆ బాణీకి కాటన్ పికింగ్ అనే పేరు స్థిరపడింది. కుడిచేతివాళ్లు ఆ స్వరాలన్నీ వాయించగలరు. ఆ బరువు మాత్రం రాదు, ఎందుకంటే వాళ్ల బొటనవేలు తప్పు డ్యూటీలో ఉంది.

ఇంత మనిషిని చర్చివాళ్లు లౌకిక సంగీతం కూడదన్నారు. పెళ్లి, కూతురు, చాకిరీ. దశాబ్దాల పాటు గిటారు ముట్టలేదు. వాషింగ్టన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో బొమ్మలమ్మే చోట పనిచేస్తుండగా, తప్పిపోయిన ఒక పాపను తల్లికి అప్పజెప్పింది. ఆ పాప పెగీ సీగర్. తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరున్న సంగీతకర్త. వాళ్లింట్లోనే పనికి కుదిరింది. పిల్లల కోసం జానపద పాటల పుస్తకాలు తయారుచేసే ఇల్లది. తండ్రి చార్లెస్ సంగీత పండితుడు. జానపదం ఎక్కడుందా అని వెతికే ఆ ఇంట్లోనే అది ఇస్త్రీ పెట్టె పట్టుకుని తిరుగుతుంటే ఎవరికీ తెలియలేదు, ఒకరోజు ఆవిడ గోడమీది గిటారు దించి వాయించేదాకా. లిబ్బా అన్న పేరు కూడా ఆ పిల్లలు పెట్టిందే. ఆ ఇంటి అబ్బాయి మైక్ ఆవిడ ఇంటికి వెళ్లి టేపు చేస్తే, 1958లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ ఆవిడ మొదటి రికార్డు వేసింది. అప్పటికి వయసు అరవై దాటింది.

పెగీ ద్వారా ఆ పాట ఇంగ్లండు చేరితే, 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం పాడి పెద్ద హిట్ చేసుకుంది. రాసింది మేమేనని వేరేవాళ్లు పేర్లు వేసుకున్నారు. సీగర్లు కల్పించుకుని కోర్టుదాకా వెళ్తే గానీ ఆవిడ పేరు పాట కిందికి రాలేదు. దొంగతనమే, కాదనను. కానీ దానికి కోర్టుంది. నా కేసుకు కోర్టు లేదు. ఆ ముద్దాయి తమరు.

కిందటేడు ఫింగర్‌స్టైల్, అంటే వేళ్లతో మీటే గిటారు క్లాసులో చేరాను. మొదటి పాఠం ఏమిటో చెప్పండి? ఫ్రైట్ ట్రైన్! జిరాక్స్ కాగితం ఇచ్చారు. పైన పాట పేరు, పక్కన "ట్రెడిషనల్", అంటే ఎవరు కట్టారో తెలియని పాత పాటని. కింద బొమ్మలో కుడిచెయ్యి. బొటనవేలు బేస్ మీద, వేళ్లు పాట మీద. "బొటనవేలు బేస్ దాటి రాకూడదు, అదే రూల్" అన్నాడు సారు. ఈ పాట ఎవరిది సార్ అంటే "పాత అమెరికన్ పాటమ్మా". నేను గిటారు తిప్పి పట్టుకుంటే, "అలా పట్టుకుంటే ఈ పాట రాదు" అన్నాడు.

ఈ పాట రాదట! అలా పట్టుకుంటే! అసలు అది అలా పట్టుకున్న చేతిలోనే పుట్టింది కదయ్యా! ఆ పిల్లకు నువ్వు ఒక్క అంగుళం జరగలేదు. నీ తీగ మార్చలేదు, నీ గాడి మార్చలేదు. వంగిందంతా ఆ పిల్లే, ప్రతి కార్డూ, అంటే కలిపి మోగించే స్వరాల ప్రతి పట్టూ, తలకిందులుగా తిరగేసి నేర్చుకుంది. ఆ వంగడంలోంచి ఒక పాట వస్తే, దాన్ని నువ్వు మింగి, త్రేన్చి, నీ ఒకటో పాఠం చేసుకున్నావు. పైగా ఆవిడ బొటనవేలు చేసిన పనికి నీ రూలు పుస్తకంలో నిషేధం! పాట కావాలి, చెయ్యి వద్దు. సిగ్గుందా నీకు? ఆ కాగితం మీద ట్రెడిషనల్ అని వేసినవాడికి రెండు నిమిషాలు వెతికే ఓపిక లేదు సరే. ప్రపంచంలో ఎన్ని ఇళ్లలో, ఎన్ని క్లాసుల్లో ఆ పాట మీద చేతులు మొదలుపెట్టారో, అందులో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసు? 1984లో అమెరికా ప్రభుత్వం వారి నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చారు. మరుసటి ఏడాది గ్రామీ ఇచ్చారు, తొంభై దాటిన మనిషికి. 1987లో ఆవిడ పోయింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లకు 2022లో గుర్తొచ్చింది. ఇన్ని బిరుదులున్నా మా క్లాసు జిరాక్స్ దాకా పేరు రాలేదు!

క్షమించాలి, ఏకవచనంలోకి జారాను. మళ్లీ జారవచ్చు.

ఇంతకీ షాపులో ఏమైందంటే, అడ్వాన్సు తిరిగివ్వరట. బోర్డు మీద ఉందట. ఆ బోర్డు ముందు ఒక ఉకులేలే వేలాడుతుంటే నాకెలా కనపడుతుంది? అంత పెద్ద రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కూడా కుడిచేతి గిటారే వాయించాడు మేడం అని ఓదార్చాడు. బాబూ, ఆయన తీగలు మార్చుకున్నాడు. సరే, ఎలాగూ నిన్నే కొనాలంటే, మార్చిన తీగలు మళ్లీ యథాస్థానంలో వెయ్యమన్నాను. అతను నన్ను ఒకసారి, నిన్ను ఒకసారి చూశాడు.

ఇప్పుడు నా ఒళ్లో తలకిందులుగా ఉన్నావు. గాళ్లలో తీగలు బుద్ధిగా కూర్చున్నాయి, జర్రు లేదు, శ్రుతి కుదిరింది. నీతో వచ్చిన చిక్కే ఇది, తిట్టినంతసేపు తిట్టాక ఇంత బాగా మోగుతావు. C కార్డు పట్టడం వచ్చేసింది. ఫ్రైట్ ట్రైన్ సగంలో ఉన్నట్టుండి E వస్తుంది చూడు, బండి మలుపు తిరిగినట్టుండే ఆ చోటు, అక్కడ మాత్రం వేళ్లు ముడిపడి మణికట్టు పట్టేస్తోంది. పదకొండేళ్ల పిల్ల పట్టగలిగింది, నేనెందుకు పట్టలేను అనుకుంటే పౌరుషం వస్తోంది గానీ E రావడం లేదు.

బొటనవేలు మాత్రం పాట మీదే ఉంది. క్లాసు సారుకు చెప్పుకో.

వచ్చేవారం నీ పిక్‌గార్డ్ ఊడబీకించి కిందివైపు అంటించబోతున్నాను. పీకేటప్పుడు వార్నిష్ పెచ్చులు లేస్తుందని, వారంటీ పోతుందని షాపతను ఫోన్లో తెగ బాధపడ్డాడు. లేవనీ.

ఇట్లు,
తమ కొత్త యజమానురాలు
(సంతకం ఎడమచేత్తోనే)