ఆ దోనె ఎవరిది?

తెలుగు బైబిల్ చదివినవాళ్లకు గలిలయ సముద్రం అనగానే అంతులేని నీళ్లే కళ్లముందు మెదులుతాయి. నిజానికది మంచినీటి సరస్సు. విస్తీర్ణం సుమారు 166 చదరపు కిలోమీటర్లు; మన కొల్లేరు అభయారణ్యంలో (308) సగానికి కాస్త ఎక్కువ. ఆ సరస్సులో దొరికిన పాత దోనె మీద ప్రచారం మాత్రం సముద్రమంత.

1986లో కరవు వచ్చి నీళ్లు వెనక్కి పోయాయి. గినొసార్ ఒడ్డున బయటపడ్డ బురదలో, చేపలు పట్టే ఇద్దరు అన్నదమ్ములు పడవ అంచును గుర్తుపట్టారు. పురావస్తు శాస్త్రజ్ఞుడు షెల్లీ వాక్స్‌మన్ బృందం తవ్వకం మొదలుపెట్టేసరికి నీరు మళ్లీ పెరుగుతోంది. చుట్టూ గట్టు వేసి పన్నెండు రోజుల్లోపే పని ముగించారు. శతాబ్దాలుగా నానిన చెక్క ఎండితే చితికిపోతుంది. అందుకే పడవను పాలియురెథేన్ నురగలో పొదిగి, నీటి మీదే తేల్చుకుంటూ తీసుకెళ్లారు.

దాని పొడవు 8 మీటర్లకు పైన. కాలం క్రీస్తుకు కాస్త ముందూ వెనకా. ఇంకేం, 'యేసు పడవ' అయిపోయింది! క్రీ.శ. 67 ప్రాంతంలో ఆ సరస్సు మీది పడవలన్నిటినీ పోగుచేస్తే 230 తేలాయని చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. దొరికింది ఒక్కటి. అది ఎవరిదని తేల్చగలం?

నాకైతే ఆ చెక్కే ఎక్కువ చెబుతుంది. పలకలు చాలావరకు దేవదారు, లోపలి పక్కటెముకలు ఎక్కువగా ఓక్ (సింధూర వృక్షం) కర్ర. మధ్యలో పైన్, విల్లో, రేగు... మొత్తం పది రకాలకు పైనే. కొన్ని అంతకుముందే వేరే పడవలో వాడినవి. చేతికందిన కర్రతో అతుకు మీద అతుకు వేసి నడిపారు, చివరికి పనికొచ్చే భాగాలు ఊడదీసుకుని మిగతాది వదిలేశారు. డబ్బున్నవాడి పడవ ఇలా ఉండదు.

రేవుల కథా ఇంతే. కపెర్నహూము, కుర్సీ, గదర రేవుల అలకట్టలను (అలలను ఆపే రాతిగోడలను) వెతికి నమోదు చేసిన మెండెల్ నున్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు, సరస్సు తూర్పు ఒడ్డున ఐన్‌గెవ్‌లో వలలు వేసిన మనిషి. నీరు తగ్గినప్పుడల్లా ఒడ్డున వరసగా తేలే రాళ్లు ఎవరో పేర్చినవని ఆయన కన్ను పట్టేసింది. చిల్లుపెట్టిన లంగరు రాళ్లు, వలగుండ్లు పోగేశాడు. వానలు బాగా కురిసిన ఏడు ఆ గోడలు మళ్లీ నీళ్లకిందికి పోతాయి. సరస్సు మీద బతికేవాళ్లు కోరుకునేదీ అదే.