అంగుళం బిళ్ళ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లిఫ్ట్ స్పేసర్ గారి సముఖానికి,

అనంతపురం నుంచి మీ మాజీ యజమాని నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. కుశలం అన్నది మాట వరసకే. బండి ఎత్తు పెంచుతారని మిమ్మల్ని స్ప్రింగుల నెత్తిన పెట్టించుకుని, ఎనిమిది నెలలు నమ్ముకుని తిరిగినవాడి నడుము ఎంత కుశలంగా ఉంటుందో మీకు తెలియంది కాదు.

మిమ్మల్ని మొదటిసారి చూసిన రోజు నిజానికి నిరాశపడ్డాను. పెట్టె మీద 'రెండంగుళాల లిఫ్ట్' అని ఎర్రటి అక్షరాలు. విప్పి చూస్తే ముందు చక్రాల కోసం పెట్టిన బిళ్ళ మందం అంగుళం. నల్లగా, గుండ్రంగా, మాడిపోయిన గారె మాదిరి నడుమ చిల్లు, చుట్టూ మూడు బోల్టులు. మిగతా అంగుళం ఎవరో మింగేశారనుకున్నా. షెడ్డులో మెకానిక్ భాయ్ నవ్వి, బండి కింద చక్రాన్ని పట్టుకుని ఉండే లోయర్ ఆర్మ్ చూపించాడు. "స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన జత, కూర్చునేది ఈ ఆర్మ్‌కు సగం దగ్గర సార్. ఇక్కడ అంగుళం తోస్తే చివర ఉన్న చక్రం రెండంగుళాలు కిందికి పోతుంది." మా తాత కాలం నాటి ఏతం గుర్తొచ్చింది. ఒకటి పెట్టి రెండు రాబట్టే ఘనత మా ఊళ్లో వడ్డీ వ్యాపారులకే ఉందనుకునేవాణ్ణి. మీరూ ఆ కోవలోవారే.

మీరు మా ఇంటికి రావడానికి కారణం మా బావమరిది. ధర్మవరంలో పెళ్లికి లిఫ్ట్ చేసిన బండిలో దిగాడు. దిగాడంటే మామూలుగా కాదు, ఫుట్‌బోర్డు మీద ఒక నిమిషం ఆగి, కింద జనాన్ని ఒకసారి చూసి, అప్పుడు దిగాడు. పక్కనే నా బండి గొంతుక్కూర్చున్నట్టు కనిపించింది. ఆ రోజు విస్తట్లో ఓళిగ వేశారో లేదో కూడా నాకు గుర్తులేదు. మా సీమలో బండి ఎత్తును చూసి మనిషి ఎత్తు కట్టే అలవాటు సుమోల కాలం నుంచీ ఉంది. 1994లో వచ్చిన సుమో 2019లో ఆగిపోయింది గానీ, ఆ అలవాటుకు ప్రొడక్షన్ ఆగలేదు.

పద్ధతిగానే చేయిద్దామని ముందు అడిగా. నాలుగు స్ప్రింగులు, నాలుగు షాకబ్జర్లు కలిపి ఎస్టిమేట్ లక్ష దాటింది. మీ ఖరీదు అందులో పదో వంతు కూడా లేదు. ఎత్తు చూస్తే వాటిదీ రెండంగుళాలే, మీదీ రెండంగుళాలే. "ఎత్తు వస్తుందా రాదా?" అన్నా. "వస్తుంది సార్..." అన్నాడు భాయ్. ఆ 'వస్తుంది' వెనకాల ఒక 'కానీ' ఉండింది. టీ గ్లాసుల చప్పుడులో అది నాకు వినపడలేదు.

మొదటి వారం రాజభోగం. సప్తగిరి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగితే ఆటోల టాపుల మీద ఎవరెవరు ఏమేం కట్టుకుపోతున్నారో అంతా కనిపించేది. రెండో వారం అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. తలుపు తీసుకుని నిలబడి, సీటు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఏం నాయనా, నిచ్చెన తెచ్చినావా?" అంది. అప్పటి నుంచి డిక్కీలో నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు పర్మనెంటు. అమ్మ ఎక్కాక స్టూలు తీసి డిక్కీలో పెట్టాలి, దిగే చోట మళ్లీ తెచ్చి వేయాలి. బండికి మీరు పీట, ఆ బండి ఎక్కడానికి అమ్మకు ఇంకో పీట.

ఆ తర్వాత మొదలైంది ధడ్. స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. వెనక చక్రం కిందికి జారిన క్షణాన ఎవరో సుత్తితో ఒకటేసినట్టు. ఏం ఊడిందో అని మూడుసార్లు రోడ్డు మీద వంగి చూశా. చివరికి భాయ్ బండిని పైకెత్తి, టార్చి వేసి చూపించాడు. నా బండికి వెనక స్ప్రింగు వేరే, షాకబ్జరు వేరే. మిమ్మల్ని స్ప్రింగు నెత్తిన కూర్చోబెట్టాం గానీ, షాకబ్జరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దాని పొడుగు పాత పొడుగే. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడే అది సాగి ఉంది. ఇక చక్రం గుంతలోకి దిగాలంటే సాగడానికి మిగిలింది కొంచెమే. అది కాస్తా అయిపోగానే ధడ్.

పెళ్లిలో తలంబ్రాలప్పుడు పిల్ల పొట్టిగా ఉంటే కింద పీట వేస్తారు చూడండి. పీట వేస్తే పిల్ల ఎత్తు పెరుగుతుంది, చెయ్యి పొడుగు పెరగదు. పెళ్లికొడుకు నెత్తి అందుతుంది గానీ, కింద పళ్లెంలో బియ్యం అందవు. స్పేసర్ గారూ, నా బండి వెనకాల ఎనిమిది నెలలు జరిగింది ఆ తలంబ్రాలే.

ముందు వైపు మీ ప్రవర్తన కాస్త మర్యాదగానే ఉండింది. అక్కడ స్ట్రట్ మొత్తాన్నీ కలిపి కిందికి తోస్తారు కాబట్టి ధడ్ లేదు. కానీ ఆర్ములు వాలిపోయాయి. పైన ఆర్మును చక్రానికి కలిపే బాల్ జాయింటు, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు చివర వంగే సీవీ జాయింటు రాత్రీ పగలూ మెడ వంచుకునే బతికాయి. ఐదో నెలకల్లా సీవీ జాయింటు రబ్బరు బూటు మడతలో చీలింది. రిమ్ము లోపలంతా కాటుక చిలకరించినట్టు గ్రీజు చుక్కలు. అలైన్‌మెంటు రెండుసార్లు చేయించినా టైర్లు ఒక అంచునే అరిగాయి. పైగా ముందు రెండంగుళాలు, వెనక ఒకటిన్నర లేపడంతో బండి ముక్కు పైకి లేచింది. లైట్లు ఆకాశం చూడటం మొదలుపెట్టాయి. 44వ నంబరు హైవే మీద ఎదురొచ్చే ప్రతి లారీ డిప్పర్ కొడుతుంటే, నా బండిని మెచ్చుకుంటున్నారనుకుని నేనూ తిరిగి కొట్టేవాణ్ణి.

ఇవన్నీ చిల్లర తగాదాలు. అసలు మాట ఇక్కడుంది.

నార్పల దగ్గర మా ఊరికి వెళ్లాం. వచ్చేటప్పుడు నేను, అమ్మ, మా ఆవిడ, పిల్లలిద్దరు, డిక్కీలో రెండు చెనక్కాయ మూటలు, ఒక గుమ్మడికాయ, నీలం స్టూలు. పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రానికీ పైన రేకుకూ మధ్య జానెడు సందు. మూటలు ఎక్కాక చూస్తే బెత్తెడు. లోడు లేనప్పుడు ఎవరికీ అక్కర్లేని ఎత్తు చూపించి, లోడు పడ్డ రోజు కుంగిపోయారు. తప్పు మీది కాదులెండి. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషాయన 1678లోనే అచ్చేసి చెప్పాడు, స్ప్రింగు మీద ఎంత బరువు పెడితే ఆ లెక్కనే అది కుంగుతుందని. ఏ బరువుకు ఎంత కుంగాలన్నది ఆ తీగ మందంలో, చుట్టల్లో ఉంటుంది. నెత్తిన మీరు కూర్చుంటే ఆ బలం వీసమెత్తు పెరగదు. మీరు ఎత్తారు, మోయలేదు. ఆ రెండూ ఒకటే అనుకున్నది నేను.

ఊరి బయట కంకర రోడ్డు మీద బండి తెప్పలాగా ఊగింది. ఒక గుంత దాటితే రెండు నిమిషాలు తలాడించేది. టౌన్‌లోకి వస్తూనే నేరుగా షెడ్డుకు పోనిచ్చా. భాయ్ పానా కూడా పట్టలేదు. "వెనక షాకబ్జర్ల మీద చెయ్యి పెట్టండి సార్, కాలుతుంది, జాగ్రత్త" అన్నాడు. ఎడమది అప్పుడే పొయ్యి మీంచి దించిన బాణలిలా ఉంది. కుడిది చల్లగా ఉంది. దాని ఒంటి మీద నూనె కారి, దానికి దుమ్ము పట్టి, అట్టు కట్టింది.

"చల్లగా ఉంటే మంచిదే కదా భాయ్?"

"శవం కూడా చల్లగానే ఉంటుంది సార్."

ఆ రోజు అర్థమైంది, లక్ష రూపాయల ఎస్టిమేట్‌లో సగం దేనికో. స్ప్రింగు దెబ్బను మింగుతుంది గానీ ఉంచుకోదు, మళ్లీ తిరిగిచ్చేస్తుంది. ఆ తిరిగిచ్చేదాన్ని పట్టుకుని, సన్నటి దారుల గుండా నూనెను తోసి, ఊపునంతా వేడిగా మార్చి గాలికి వదిలేది షాకబ్జరు. పని చేసేది వేడెక్కుతుంది. చల్లగా ఉందంటే పని మానేసింది. అది చావడంలో మీ పాపమెంత, పాత కిలోమీటర్ల పాపమెంత అని నేను తేల్చలేను. రోజూ సాగదీసి కొట్టించిన పాపం మాత్రం మనిద్దరిదీ.

మా బావమరిది కథ ఇంకో ఘనకార్యం. వాడు మిమ్మల్ని ముట్టుకోలేదు. నేరుగా స్ప్రింగులే మార్పించాడు. అది కూడా 300 కిలోల బరువు ఎప్పుడూ ఉండే బండ్లకు చేసినవి. ముందు ఇనప బంపరు, ఇరుక్కున్న బండిని లాగే వించి, టాపు మీద టెంటు, వెనక నీళ్ల ట్యాంకు మోసేవాళ్లకు అవి కావాలి. ఆస్ట్రేలియాలో 1975లో మొదలైన బండి సామాన్ల కంపెనీ ఏఆర్‌బీ వాళ్లు ఓల్డ్ మ్యాన్ ఈము పేరుతో అమ్మే స్ప్రింగులు కూడా బండి మీద పర్మనెంటుగా ఉండే బరువును బట్టే ఎంచుకోవాలి. మా వాడి బండి మీద పర్మనెంటుగా ఉండేది ఒక జత కూలింగ్ గ్లాసులు, ఒక సెంటు బుడ్డి. కాబట్టి స్ప్రింగు అస్సలు కుంగదు, గుత్తి రోడ్డులో ఖాళీ లారీ ఎగిరినట్టు ఎగురుతుంది. షాకబ్జర్లు కంపెనీవే ఉంచాడు. అవి మెత్తటి స్ప్రింగును ఆపడానికి పుట్టినవి, ఈ మొండి స్ప్రింగు వెనక్కి తంతుంటే ఏం ఆపుతాయి? ఒక్క గుంతకు మూడు దండాలు పెట్టి గానీ బండి కుదురుకోదు. ధర్మవరంలో వాడు ఫుట్‌బోర్డు మీద నిమిషం ఎందుకు ఆగాడో నాకిప్పుడు తెలిసింది. నడుము నిటారు కావడానికి.

ఇంకో మాట చెవిలో చెబుతా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మిమ్మల్ని చుట్టంగా ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదంటే 6 నెలల దాకా జైలు, రెండూ కూడా వేయొచ్చు. మీరు నలుగురు. 20,000 అని మనసులో లెక్క వేసుకుంటూ ఎన్ని చెక్‌పోస్టుల దగ్గర నేను అమాయకంగా నవ్వానో మీకేం తెలుసు.

సరే, పోయిన నెల మిమ్మల్ని దించేశాను. భాయ్ ఈసారి ఎత్తు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "నెలలో ఎన్నిసార్లు ఫుల్ లోడు?" అని అడిగాడు. "రెండుసార్లు, చెనక్కాయల కాలంలో ఇంకోసారి" అన్నా. దానికి తగ్గ స్ప్రింగులు తెప్పించాడు, వెనక కాస్త గట్టివి, ముందు మామూలువి. వాటికి జోడీగా నైట్రోజన్ గ్యాసు నింపిన మోనోట్యూబు (ఒకే గొట్టం ఉండే) షాకబ్జర్లు, పొడుగు చూసి మరీ. చక్రాలు వేలాడదీసి బ్రేకు గొట్టం ఎక్కడైనా బిగుసుకుంటుందేమో వేలితో తడిమాడు. ఆ తర్వాత అలైన్‌మెంటు, చివర్న గోడ మీద లైట్ల గురి. ఎత్తు ఎంత మిగిలిందని అడగబోయి మానుకున్నా. అమ్మ మాత్రం కొలిచేసింది, ఆ నీలం స్టూలు ఇంకా కావాలంట.

బిల్లు సంగతి రాయకూడదనుకున్నా గానీ మీరు పరాయివారు కాదు. అప్పటి ఎస్టిమేటు, దాని మీద పెరిగిన రేటు, మీ ఖరీదు, మిమ్మల్ని ఎక్కించిన కూలీ, దించిన కూలీ, రెండు టైర్లు, ఒక బూటు. మా ఆవిడ కాగితం మీద కూడి, కింద రెండు గీతలు గీసి, ఫ్రిజ్ మీద అతికించింది.

ఇట్లు,
మిమ్మల్ని నమ్మి ఎత్తుకెక్కినవాడు

తా.క. నిన్న రాత్రి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నీ పాత స్పేసర్లు ఖాళీగానే ఉన్నాయంట కదా, ముందు పక్క ఇంకో అంగుళం లేపుదామని" అన్నాడు. పంపుదామనే వంటింట్లోకి వెళ్లా. అమ్మ మీ నలుగురినీ బియ్యం డ్రమ్ము కింద పెట్టుకుంది. "ఇన్నాళ్లకు కదలకుండా నిలబడిందిరా, ముట్టుకున్నావంటే ఊరుకోను" అంటోంది.