హాస్‌డార్ఫ్ అనుకునే ముందు విలోమం సంగతి చూడండి

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు ఎమ్మెస్సీ పిల్లలకు టోపాలజీ (బిందువుల దగ్గరితనాన్ని 'వివృత సమితుల'తో చదివే గణితం) చెబుతుంటాను. గజపతి, రాయగడ జిల్లాల వాళ్లే కాక పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. వారిలో ఒకమ్మాయి మొన్న వైవా నుంచి కళ్లనీళ్లతో వచ్చింది. గుణకారం కంటిన్యుయస్‌గా ఉన్న గ్రూపు టీ-జీరో అయితే హాస్‌డార్ఫ్ అవుతుందా అని అడిగారట. (గ్రూపు అంటే గుణకారం, దాన్ని మార్చని ఐడెంటిటీ, ప్రతి మూలకానికీ దాన్ని ఐడెంటిటీకి చేర్చే విలోమం ఉన్న సమితి. ఏ రెండు బిందువులు తీసుకున్నా ఒకటి ఉండి రెండోది లేని వివృత సమితి ఉంటే టీ-జీరో; ఆ రెంటినీ ఒకదానితో ఒకటి కలవని రెండు వివృత సమితుల్లో పెట్టగలిగితే హాస్‌డార్ఫ్.) "విలోమం కూడా కంటిన్యుయస్ అయితేనే అవుతుందండీ" అన్నందుకు, గ్రూపుల్లో ఇవన్నీ ఒకటేనని చెప్పి మార్కులు కోశారట. ఆమె చెప్పినదే సరైనది.

టోపలాజికల్ గ్రూపులో, అంటే గుణకారం, విలోమం రెండూ కంటిన్యుయస్‌గా ఉన్న గ్రూపులో, టీ-జీరో ఉంటే హాస్‌డార్ఫ్ ఎందుకు వస్తుందో ఒక్కసారి చూడండి. ఐడెంటిటీ కాని x తీసుకుంటే, విలోమం కంటిన్యుయస్ కనుక x లేని ఐడెంటిటీ పరిసరం (ఐడెంటిటీ ఉన్న వివృత సమితి) U ఎప్పుడూ దొరుకుతుంది. V లోని ఒక మూలకాన్ని V లోని మరొకదాని విలోమంతో గుణిస్తే ఫలితం U లోనే ఉండేలా ఐడెంటిటీ పరిసరం V ని ఎంచుకుంటాం. V, దానిలోని ప్రతిదాన్నీ x తో గుణించగా వచ్చే xV ఎక్కడైనా కలిస్తే x కూడా U లో పడాలి, అది అసాధ్యం. రెండు మెట్లలోనూ పని చేసింది విలోమమే.

ఇప్పుడు వాస్తవ సంఖ్యల కూడికకు [a, ∞) రూపంలోని కిరణాలను ఆధార వివృత సమితులుగా పెట్టండి. ఇక్కడ గుణకారం స్థానంలో ఉన్న కూడిక చక్కగా కంటిన్యుయస్ అవుతుంది, విలోమమైన గుర్తు మార్చడం మాత్రం కాదు. 5 ఉండి 3 లేని వివృత సమితి ఉంది, కానీ 3 ఉన్న ప్రతి వివృత సమితిలోనూ 5 ఉంటుంది. కాబట్టి ఇది టీ-జీరో, టీ-వన్ (రెండు బిందువుల్లో ప్రతిదానికీ రెండోది లేని వివృత సమితి ఉండటం) కాదు.

నాకు అసలు బాధ రిఫ్లెక్షన్ దగ్గర. ఒక గ్రూపు నుంచి హాస్‌డార్ఫ్ గ్రూపులకు వెళ్లే కంటిన్యుయస్ హోమోమార్ఫిజంలన్నీ ఏ ఒక్క హాస్‌డార్ఫ్ గ్రూపు గుండా సాగుతాయో, అదే దాని హాస్‌డార్ఫ్ రిఫ్లెక్షన్. టోపలాజికల్ గ్రూపులో ఐడెంటిటీ క్లోజర్‌తో (ఐడెంటిటీ ఉన్న అతి చిన్న సంవృత సమితితో; వివృత సమితికి బయట మిగిలినదే సంవృతం) క్వోషెంట్ తీస్తే, అంటే దాన్ని ఒక్క బిందువుగా కుదిస్తే, టీ-జీరో, టీ-వన్, హాస్‌డార్ఫ్, రెగ్యులర్ (బిందువునూ, అది లేని సంవృత సమితినీ వివృత సమితులతో విడదీయగలగడం) రిఫ్లెక్షన్లన్నీ ఒకేసారి చేతికొస్తాయి. "హాస్‌డార్ఫ్ అనుకుందాం, నష్టమేమీ లేదు" అని పుస్తకాలు ధైర్యంగా రాసేది అందుకే. ఆ వాక్యాన్ని కిరణాల ఉదాహరణకు తగిలిస్తే నష్టం మామూలుది కాదు: టీ-జీరో రిఫ్లెక్షన్ ఆ గ్రూపే, టీ-వన్ రిఫ్లెక్షన్‌లో మాత్రం సంఖ్యలన్నీ ఒక్క బిందువై కూర్చుంటాయి!

గుణకారం మాత్రమే కంటిన్యుయస్‌గా ఉండే ఈ పారాటోపలాజికల్ గ్రూపులు ఎవరో సరదాకు అల్లినవి కావు. 1947లో గణితవేత్త సోర్గెన్‌ఫ్రే చూపిన రేఖ ([a, b) అంతరాలను ఆధారంగా పెట్టిన వాస్తవ సంఖ్యలు) కూడా వాటిలోదే. అది నార్మల్ (కలవని రెండు సంవృత సమితులను వివృత సమితులతో విడదీయగలగడం), దాన్ని దానితోనే గుణించగా వచ్చే తలం మాత్రం నార్మల్ కాదు. అలాంటి గ్రూపు రెగ్యులర్ అయితే కంప్లీట్లీ రెగ్యులర్ (ఆ విడదీతను ఒక కంటిన్యుయస్ ఫంక్షన్‌తో చేయగలగడం) అవుతుందన్న సంగతి తేలడానికి గణితవేత్తలు బనాఖ్, రావ్‌స్కీల దాకా ఆగవలసి వచ్చింది. ఆ పత్రం 2017లో అచ్చయింది. ఇంత సూక్ష్మంగా నడిచే విషయాన్ని "ఇవన్నీ ఒకటే" అని కొట్టిపారేస్తే నాకు కడుపు మండుతుంది. వైవా బల్లకు అవతల కూర్చున్న పెద్దలు, ప్రశ్నలో విలోమం ఉందో లేదో చూసుకుని అడగండి.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయికి పూర్ణసంఖ్యల గ్రూపు మీద కోఫైనైట్ టోపాలజీ (పరిమిత సంఖ్యలో బిందువులు మాత్రమే వదిలిన సమితులు, శూన్య సమితి వివృతం) ఇచ్చాను. పలక మీద రెండు గీతలు గీసి, "మాస్టారూ, ఇక్కడ విలోమం కంటిన్యుయసే, ఈసారి కంటిన్యుయస్ కానిది కూడిక" అంది. టీ-వన్ రిఫ్లెక్షన్ ఆ గ్రూపే అని, ఏ రెండు శూన్యేతర వివృత సమితులైనా కలుస్తాయి కనుక హాస్‌డార్ఫ్ రిఫ్లెక్షన్ ఒక్క బిందువే అని కింద రాసింది.